కాలువ అవతల తెగిన కేబుల్

ఉదయం ఆరుంబావుకు వాకాడు తీరం నుంచి మా కాలేజీకి రావలసిన రాడార్ చిత్రాలు ఆగిపోయాయి. ఏడింటికల్లా నేను నెల్లూరు బస్టాండులో గూడూరు బస్సు ఎక్కాను. బంగాళాఖాతంలో తుపాను ఉంది. ఆ రోజు అటువైపు వెళ్లాలని ఎవరికీ ఉండదు. నాకూ లేదు.

దేశంలోని విశ్వవిద్యాలయాలనూ పరిశోధనా కేంద్రాలనూ కలిపే హైస్పీడ్ ఆప్టికల్ నెట్‌వర్క్‌కు మా కాలేజీ ఒక కూడలి. దాన్ని చూసుకోవడం నా ఉద్యోగం. పోయిన ఏడాది దాని కొమ్మనొకదాన్ని సముద్రపు ఒడ్డున, జాలర్ల పాళెం పక్కనున్న రాడార్ దాకా వేశాం. అలలెంత ఎత్తున, ఎటు వస్తున్నాయో ఎడతెగకుండా చూసే రాడార్ అది. అది పంపే చిత్రాలన్నిటినీ సెల్ టవర్ మోయలేదు. అవి ఎక్కడో ఉన్న శాస్త్రవేత్తలకు వెంటవెంటనే అందితేనే, ఏ పాళెంలోకి ఎన్నింటికి నీళ్లొస్తాయో వాళ్లు చెప్పగలరు.

నా పక్క సీట్లో కేబుళ్లు అతికే మస్తానయ్య అన్న, ఒళ్లో యంత్రం పెట్టెతో కూర్చున్నాడు. బయల్దేరేముందు కాలేజీ నుంచి కేబుల్‌లోకి కాంతిని పంపి చూస్తే, తెగిన చోటు బకింగ్‌హాం కాలువకు అవతల అని తేలింది.

"ఇవతల తెగుంటే బాగుండు మేడం. వంతెన ఒకటే గదా," అన్నాడు.

ఎనిమిదింబావుకు గూడూరులో దిగాం. అతను ఇడ్లీ తిన్నాడు. నేను వాకాడు బస్సు ఎప్పుడుందో కనుక్కుని వచ్చాను. వాకాడు బస్సులో ఖాళీ చేపల బుట్టతో ఎక్కిన పోలమ్మక్కది రాడార్ ఉన్న పాళెమే. భర్త, అత్త ఇంకా అక్కడే ఉన్నారట.

"ఈ రాత్రికి నీళ్లొస్తాయి, ఖాళీ చేయమని నిన్ననే మైకులో చెప్పినారు. మా ఆయన కదల్లా. పోయిన తుపానుకీ ఇట్నే చెప్పినారు. బడిలో రెండు దినాలుంటిమి, నీళ్లు రాలా. ఇంక ఎవురు నమ్ముతారు?" అంది.

పదింటికి వాకాడు చేరాం. అక్కడి నుంచి బస్సు లేదు. పోలమ్మక్క తనకు తెలిసిన ఆటోను పిలిచింది. సరుగుడు తోటలు ఒకవైపుకు వంగిపోయి ఊగుతున్నాయి. కాలువ నీళ్లు వంతెనకు జానెడు కిందున్నాయి. వెనక్కి తిప్పమని చెప్పబోయాను. మస్తానయ్య నా ముఖం చూస్తున్నాడు. సిగ్గేసి ఊరుకున్నాను.

రొయ్యల గుంటకు పిల్లకాలువ తవ్విన చోట కేబుల్ తెగి బురదలో పడి ఉంది. లోపలి గాజు పోగులు వెంట్రుకంత సన్నం. వానలో, గాలిలో అతుక్కోవు. పోలమ్మక్క పాళెంలోకి పరుగెత్తి టార్పాలిన్ పట్టతో ముగ్గురు ఆడవాళ్లను తెచ్చింది. నలుగురూ నాలుగు మూలలు పట్టుకుని బురదలో కూర్చున్నారు. మొదటి అతుకు ఊడింది. రెండోదీ ఊడింది. సరుగుడు చెట్ల వెనక సముద్రం హోరు మాటలను మింగేస్తోంది. పన్నెండున్నరకు అతుకు నిలిచి కాంతి పారింది.

పావుగంటకు శాస్త్రవేత్త ఒకాయన ఫోన్ చేశారు. "నీళ్లు రాత్రికి కాదండీ, మూడింటికల్లా ఆ పాళెంలోకి వచ్చేస్తాయి. అధికారులకు చెప్పాం. మీరింకా అక్కడే ఉన్నారా?"

అందరం పాళెంలోకి పరుగెత్తాం. రేవులో పోలమ్మక్క భర్త వెంకటేశు పడవకు రెండో తాడు కడుతున్నాడు. మూడింటికే నీళ్లొస్తాయని చెప్పాను.

"రాత్రికన్నారు గదా. సాయంత్రం చూస్తాంలే," అన్నాడు.

శాస్త్రవేత్తను అడిగి ఒకే ఒక్క చిత్రం ఫోనుకు తెప్పించాను. అది తెరుచుకోవడానికి పది నిమిషాలు పట్టింది. వెంకటేశు తడిచేతులు లుంగీకి తుడుచుకుని ఫోను అందుకున్నాడు.

"ఇది మా రేవు గదా?"

"అవునన్నా. ఈ ఎర్రగా ఉన్నవన్నీ పెద్ద అలలు."

అతను తల ఎత్తి సముద్రం వైపు చూశాడు. సగం కట్టిన తాడు అట్లాగే వదిలేశాడు. "ముసిలోళ్లని ముందు ఎక్కించండిరా!" అని అరిచాడు.

పాళెంలోని రెండు ట్రాక్టర్లు, మా ఆటో జనాన్ని కాలువ దాటిస్తూ నాలుగేసి సార్లు తిరిగాయి. రెండు ఇరవైకి ఆఖరి ట్రాక్టర్‌లో మేమెక్కాం. వంతెన మీద నీళ్లు టైరు సగం దాకా ఉన్నాయి. పోలమ్మక్క అత్త నా మణికట్టు పట్టుకుని దేవుళ్ల పేర్లు చదువుతోంది. నేను కళ్లు మూసుకున్నాను. ఆ దారిన వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: కాలువలో నీళ్లు చూసుకుని వంతెనెక్కండి, తిరిగి రావడానికి వేరే దారి లేదు.

మూడు పదికి చిత్రాలు మళ్లీ ఆగిపోయాయి. కాలేజీకి ఫోన్ చేస్తే, కేబుల్ చివరిదాకా బాగుంది, అవతల రాడారే పలకడం లేదన్నారు.

వాకాడు బడి వరండాలో పోలమ్మక్క అడిగింది: "ఆ ఫోన్లో మా ఇల్లు కనపడతాందా అమ్మా?"

"లేదక్కా. ఇంక ఏమీ రావడం లేదు."

ఆమె చెంగుతో అత్త తల తుడుస్తూ కూర్చుంది.

నాలుగున్నరకు గూడూరు బస్సు దొరికింది. మేం తీరం నుంచి వస్తున్నామని తెలిసి, సముద్రం ఎందాకా వచ్చిందని అందరూ నన్నే అడిగారు. ఆ సముద్రం ఏం చేయబోతుందో మాకు తెలిసింది చిత్రాలొచ్చిన ఆ రెండున్నర గంటలే. గూడూరు చేరేదాకా, అందరిలాగే నేనూ తూర్పు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.