జాడీలో పొంగిన రసం

మా మనవడికి ఈమధ్య వైన్ పిచ్చి పట్టింది. గ్లాసు తిప్పుతాడు, వాసన చూస్తాడు, చప్పరిస్తాడు. ఇప్పుడు అందరూ ఎగబడేది దానంతటది పులిసిన వైనట. ఈస్టు కలపరట, సరిగా వడకట్టను కూడా వడకట్టరట, అడుగున మడ్డి ఉంటే ఇంకా గొప్పట. కొత్త కొత్త అని వాడు మురిసిపోతుంటే నాకు నవ్వొస్తుంది. అరవైల్లో, మద్యనిషేధం రోజుల్లో, చుక్క ముట్టని మా అత్త ఇందుకూరుపేట పక్క పల్లెలో అచ్చం అలాంటిదే తయారుచేసింది. చేసినట్టు ఆవిడకే తెలియదు.

మా ఊరి చర్చిని గుడి అనేవాళ్లం. అక్కడ నెలకోసారి, రొట్టె, ద్రాక్షరసం అందరికీ పంచే ప్రభువు బల్లకి రసం తీసే పని అత్తదే. నెల్లూరు నుంచి తెప్పించిన ఎండుద్రాక్షని శనివారం నానబెట్టి, ఆదివారం పొద్దున్నే పిసికి, పల్చటి గుడ్డలో వడకట్టేది. పులియడానికి తావే ఉండేది కాదు. సారా అంటే ఆవిడకి పగ. పెళ్లైన కొత్తలో మామ సరుగుడు తోపుల్లో దొంగచాటుగా కాచే సారాకి ఇల్లు గుల్ల చేశాడట. నేను కాపరానికి వచ్చేసరికి ఆయన మానేసి చాలా ఏళ్లయింది. అయినా అత్తకి నమ్మకం లేదు. బజారుకెళ్లి వస్తే ఏదో మాట వంకతో దగ్గరికెళ్లి ఊపిరి వాసన చూసేది. ఆయనకీ తెలుసు, అయినా మొహం తిప్పుకునేవాడు కాదు.

ఒక ఏడాది వానలకి పెన్న పొంగి దారి తెగింది. పాస్టరు అయ్యగారు రాలేకపోయారు, వచ్చే ఆదివారం వస్తామని కబురు పెట్టారు. అప్పటికే తీసిన రసాన్ని అత్త జాడీలో పోసి, మూతికి గుడ్డ కట్టి మూలన పెట్టింది. దేవుడికని తీసింది పారబోయడానికి ఆవిడకి మనసొప్పలేదు.

వారం మధ్యలో నేను ఇల్లు ఊడుస్తుంటే ఆ మూల నుంచి సన్నగా చప్పుడు వినపడింది. గుడ్డ విప్పి చూశాను. అడుగు నుంచి బుడగలు లేస్తున్నాయి. పొయ్యి లేదు, సెగ లేదు, రసం మాత్రం ఉడుకుతోంది. జాడీకి చెవి ఆనిస్తే లోపల ఎవరో గుసగుసలాడుతున్నట్టుంది. నాకు ఒళ్లు జలదరించింది. చీపురు పక్కన పడేసి అక్కడే కూర్చుండిపోయాను.

అత్త వచ్చి చూసింది. వానలకి పడిశం పట్టి ఆవిడ ముక్కు దిబ్బడేసి ఉంది. సగం దాకా ఉన్న రసం నురగతో అంచు వరకు లేచింది. "చూసినావా మే, తరగాల్సింది పెరిగినాది. దేవుడు దీవించినాడు" అని చేతులు జోడించింది. పుట్టింట్లో కల్లు కుండైనా చూడనిదాన్ని, నేనూ జోడించాను.

ఆదివారం అయ్యగారు వచ్చారు. ముందు వరుసలో పెద్దలు రసం తాగి కళ్లు మూసుకున్నారు, ఎంతకీ తెరవలేదు. వాళ్లలో అంత భక్తి నేనెప్పుడూ చూళ్లేదు. తర్వాత మామ వంతు. చిన్న గ్లాసుని పెదవుల దాకా తీసుకెళ్లి ఆగిపోయాడు. కాసేపు అలాగే పట్టుకుని, తిరిగి పళ్లెంలో పెట్టేశాడు.

మాలో ఎవరైనా బల్ల దగ్గర గ్లాసు వదిలేశారంటే లోపల దాచుకున్న పాపం ఉన్నట్టే. చాప మీద నా పక్కనున్న అత్త ముఖం పాలిపోయింది. తన వంతు వచ్చినా ఆవిడ తీసుకోలేదు. నేను తాగాను. గొంతులో వెచ్చగా దిగితే ఆత్మ దిగుతోందనుకున్నాను.

ఇంటికి రాగానే వాకిట్లోనే నిలదీసింది. "మళ్లీ ఎప్పట్నించి తాగతా ఉండావు?"

"ఇయాల తాగమని పోసింది నువ్వే గదా" అన్నాడు మామ. "నీ రసం పులిసిపోయినాది. పాము కాళ్లు పాముకే తెలుస్తాయి. గ్లాసెత్తంగానే తెలిసిపోయినాది నాకు."

అత్త లోపలికెళ్లి జాడీ అడుగున మిగిలినదాన్ని వేలితో నాలిక్కి రాసుకుంది. ఉమ్మేసింది. గడప మీద కూలబడింది.

"నీ చేత్తో చేసినావు, అయ్యగారు ప్రార్థన చేసి ఇచ్చినాడు. తాగినా నన్నెవరూ తప్పనరు" అన్నాడాయన నెమ్మదిగా. "కానీ ఒక్క గుటక పడితే నేను ఆగలేను. దించేటప్పుడు చెయ్యెంత వణికినాదో నాకే తెలుసు."

గుడినిండా జనం తనని పాపి అనుకుంటారని తెలిసే ఆ గ్లాసు దించాడు. అంత పెద్ద పని చేసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

అత్త లేచింది. కోడలి ముందు మొగుడి పక్కన కూడా కూర్చోని మనిషి, దారిన పోయేవాళ్లు చూస్తుండగానే, ఆయన చెయ్యి తీసుకుని తన రెండు చేతుల్లో పెట్టుకుంది.