కరాచీ పుట్టిల్లు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో, బంద్ వల్ల సిద్దిపేట బస్టాండులో చిక్కుకుపోయాను. పక్కనున్న భార్యాభర్తలు ఆమె వీసా పొడిగింపు కోసం హైదరాబాద్ వెళ్లాలట. అచ్చమైన సిద్దిపేట తెలుగు మాట్లాడే మనిషికి వీసా ఏమిటని అడిగాను.

"మా పుట్టిల్లు కరాచీ. పెండ్లయి ఇర్వై ఏండ్లాయె," అందామె.

"బయటి దేశం భార్యలకు రూల్స్ ఇంకా గట్టిగ చేస్తరట," అన్నాడు భర్త. "నా ఇంటామె నాతోని ఉండనీకి ఇంకెవల్నో అడుగుడేంది సార్?"

అతను బస్సుల సంగతి కనుక్కోవడానికి లేచాక ఆమె నెమ్మదిగా చెప్పింది. "మొన్న మా అమ్మ చనిపోయింది. పోతే మళ్ల రానియ్యరేమోనని పోలే. గీ ఊర్ల అందరు నావోళ్లే. గాని మా అమ్మను ఎరిగినోళ్లు లేరు. ఎవలితోని ఏడ్వాలె?"

"ఎలా ఉండేదమ్మా ఆవిడ?" అన్నాను.

సాయంత్రం బస్సులు కదిలేదాకా చెబుతూనే ఉంది.