వేలికి తగలాల్సిన పేరు

అది 2015. రాష్ట్రం విడిపోయి ఏడాది దాటింది. గిద్దలూరులో నాది పెయింట్లు, వాటర్‌ప్రూఫింగ్ సామాను అమ్మే దుకాణం. ఒక మధ్యాహ్నం కొమరోలు వైపు పల్లె నుంచి డానియేలు అనే కూలీ, తల్లి మార్తమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు.

“అన్నా, మా వసారా కాంక్రీటు పొడిపొడిగా రాలతా ఉంది. టైల్స్ ఏపిద్దామంటే అమ్మ ఒప్పుకోదు. పైన పూసేదేమన్నా ఇయ్యి.”

నేను మెరిసే కోటింగ్ డబ్బా తీసి ముందు పెట్టాను. మార్తమ్మ దాన్ని చూసి, “ఇది పూస్తే పేరు వేలికి తగులుతాదా నాయనా?” అంది.

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది.

“మా ఆయన బేల్దారి. ఇండ్లు కట్టేటోడు. చదువు లేదు. పాస్టరయ్య దగ్గర నా పేరొక్కటే నేర్చుకున్యాడు. వసారా పోసిన నాడు పచ్చి కాంక్రీటు మీద మేకుతో రాసినాడు. ఆయన పోయి ఆరేండ్లాయ. నాకూ చదువు రాదు. వేలు పెట్టి చూసుకుంటా.”

డబ్బా వెనక్కి పెట్టేశాను.

మరునాడు వాళ్ళింటికి వెళ్ళాను. వాన జల్లుకూ, ఉప్పు బోరు నీళ్ళతో కడగడానికీ నేల పైభాగం పొడి అవుతోంది. చివరి అక్షరం అంచు అప్పటికే కొంత పోయింది. నీటిబొట్టు వేసి చూస్తే వెంటనే ఇంకిపోయింది. కోటింగ్ పూస్తే పైన పొరకట్టి అక్షరాల గాట్లను నింపేస్తుంది. ఇక్కడ పనికొచ్చేది పెనట్రేటింగ్ సీలర్. అది కాంక్రీటు సన్న రంధ్రాల్లోకి ఇంకి నీళ్ళను రానివ్వదు, పైన పొరకట్టదు.

“రాలిపోయింది మాత్రం తిరిగి రాదమ్మా” అని ముందే చెప్పాను.

“ఉన్నది నిలబడితే చాలు” అంది.

తడి ఉంటే సీలర్ లోపలికి పోదు. అందుకే నేల మీద తెల్లగా తేలిన ఉప్పు దులిపించి, ఐదు రోజులు ఆరబెట్టమన్నాను. ఆ ఐదు రోజులూ మార్తమ్మ వసారాకు అడ్డంగా మంచం వేసుకుని మేకల్ని కూడా అటు రానివ్వలేదట.

ముందు ఒక మూల పూసి రంగు మారలేదని చూసుకున్నాను. తర్వాత బ్రష్షుతో నేలంతా పూసి, గాట్లలో నిలిచినదాన్ని మెత్తటి గుడ్డకొనతో అద్దాను. చివరి అక్షరం దగ్గర ఇంకా మెల్లగా అద్దాను.

రెండు రోజులాగి చెంబుతో నీళ్ళు పోస్తే, చుక్కలు చుక్కలుగా జారిపోయాయి. మార్తమ్మ నేల మీద కూర్చుని మూడక్షరాలూ మెల్లగా తడిమింది.

“ఆయన గీసినట్టే ఉంది” అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“కొన్నేళ్ళకు మళ్ళీ పూయాలమ్మా” అన్నాను.

“నేనుండేదాక ఉంటే చాల్లే నాయనా.”

టైల్స్ వేయిద్దామన్న డానియేలు ఆమె పక్కన కూర్చున్నాడు. “ఆ తర్వాత కూడా ఉండాల. నేను పూస్తాలేమ్మా” అన్నాడు.

అంతవరకూ దుకాణానికి వచ్చినవాళ్ళను ఎన్ని చదరపు అడుగులని అడిగేవాణ్ణి. ఇప్పుడు అంతకంటే ముందు, ఆ నేల మీద పోకూడనిది ఏమైనా ఉందా అని అడుగుతాను. చాలామంది లేదంటారు. కొందరు ఏముందో చెప్తారు.