జీవానందం గారి రెండు చేతులు

మనిషి ఎదురైతే రెండు చేతులూ జోడించి వందనం చెయ్యకుండా జీవానందం గారు ఉండలేరు. మర్యాదస్తుడు కాబోలు, ఇందులో వింతేముందని మీరనవచ్చు. వింతేమిటంటే ఆ సమయానికి ఆయన మోటారు సైకిలు నడుపుతూ ఉండేవారు.

ఆయన నెల్లూరులో ఒక మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. ప్రతి బుధవారం మందుల పెట్టె వెనక కట్టుకుని మా మైపాడు వచ్చేవారు. మైపాడులో చిన్న డిస్పెన్సరీ ఒకటి, దానికి నర్సు ఎస్తేరమ్మ గారు. ఆ పక్కనే బడి, ఆ బడికి పంతుల్ని నేను. నా పేరు సమాధానం. పేరుకు తగిన మనిషిని కాను, నాకు ముక్కుమీద కోపం.

ఆ మోటారు సైకిలు ఆసుపత్రిలో పనిచేసిన ఒక పొడుగాటి దొరగారిది. యాభై ఏడులో ఆయన స్వదేశం వెళ్ళిపోతూ దాన్ని జీవానందం గారికి ఇచ్చి పోయారు. దొరగారు ఆరడుగుల మూడంగుళాలు. జీవానందం గారు చెప్పులతో కలిపి ఐదడుగులు. ఎక్కి కూర్చుంటే ఆయన కాళ్ళు నేలకు జానెడు ఎత్తున వేలాడేవి. బండి పరుగెత్తుతున్నంతసేపూ ఏ బాధా లేదు. కానీ వేగంగా పోతూ దణ్ణం పెట్టడం అగౌరవం కదా, అందుకని మనిషి కనబడగానే బండిని నడక వేగానికి తగ్గించేవారు. అప్పుడు హ్యాండిలు వదిలి, చేతులు జోడించి, తల వంచి, "వందనాలండీ" అనేవారు. "అండీ" దగ్గరికి వచ్చేసరికి బండి ఒరిగిపోయేది. ఎప్పుడూ ఎడమపక్కకే. కుడిపక్క కాలే పొగగొట్టం ఉందన్న సంగతి బండికి కూడా తెలుసని మా ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు.

ఒక చెయ్యి ఎత్తితే చాలదా అని నేను చాలాసార్లు అడిగాను.

"దేవుడు రెండు చేతులిచ్చింది ఒకటి దాచుకోడానికి కాదు మాస్టారూ."

"పోనీ, ఆపి, దిగి పెట్టండి."

"ఆపితే మళ్ళీ స్టార్టు కాదండీ."

"పడినా ఆగిపోతుంది కదా."

"పడితే బండి తప్పు. ఆపితే నా తప్పు," అనేవారు ఆయన, బట్టలకు అంటిన దుమ్ము దులుపుకుంటూ. ఆయనతో వాదించి గెలిచినవాణ్ణి నేను చూడలేదు.

వందనానికి చిన్నా పెద్దా లేదు. కులం లేదు, మతం లేదు. గేదెలు తోలుకుపోయే మనిషికీ అదే వందనం, గుర్రబ్బండిలో పోయే షావుకారుకీ అదే వందనం. ఒకసారి దారిలో ఉన్న ఇందుకూరుపేట చేలల్లో పాత కోటు తొడిగిన దిష్టిబొమ్మకు వందనం చేసి కాలవలో పడ్డారు. తీసి ఒడ్డున కూర్చోబెడితే, కోటు చూసి పాస్టరు గారనుకున్నానని చెప్పారు. బొమ్మని తెలిశాక కూడా, పెట్టిన దణ్ణం వెనక్కి తీసుకుంటానని మాత్రం అనలేదు.

అసలు ఉపద్రవం చేపల గంపలతో వచ్చింది. ముగ్గురు ఆడవాళ్ళు గంపలెత్తుకుని ఇందుకూరుపేట పోతున్నారు. ఈయన వందనం చేశారు. వాళ్ళలో ఒకామె కూడా మర్యాదస్తురాలే. అంత పెద్దమనిషి దణ్ణం పెడితే ఊరికే ఎలా పోతామని ఆమె కూడా గంప వదిలి రెండు చేతులూ ఎత్తింది. ఈయన బండి మీదనుంచి పడ్డారు, ఈయన మీద గంప పడింది. చీలమండ విరిగి ఆరు వారాలు కట్టుతో ఉన్నారు. ఆ ఆరు వారాలూ మైపాడుకు మందులు రాలేదు. జ్వరాలవాళ్ళు మిరియాల కషాయంతో సరిపెట్టుకున్నారు.

అప్పుడు ఇందుకూరుపేటలో టీ కొట్టు మాలకొండయ్య ఒక మాటన్నాడు. "ఆయనేం పడటంలా, మనమే పడేస్తుండాం. మన మొగం కనబడితే గదా ఆయన దణ్ణం పెట్టేది."

ఏ పంచాయితీ తీర్మానం చెయ్యలేదు, ఎవరూ దండోరా వెయ్యలేదు. ఆయన కట్టు విప్పుకుని వచ్చిన మొదటి బుధవారం నుంచి బండి చప్పుడు వినబడితే దారి పొడుగునా జనం వీపులు తిప్పుకోవడం మొదలుపెట్టారు. నాట్లు వేసే ఆడవాళ్ళు అటు తిరిగేవాళ్ళు. టీ తాగేవాళ్ళు గ్లాసుతో సహా గోడవైపు తిరిగేవాళ్ళు. కొత్తగా మా రూటుకొచ్చిన బస్సు కండక్టరు హజరత్తయ్య ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, ఆ కాంపౌండరు ఏం పాపం చేసినాడయ్యా, అన్ని ఊళ్ళూ కలిసి వెలేసినారు అని గుసగుసగా అడిగాడు. విషయం చెప్పాక అతను కూడా బస్సులోనే వెనక్కి తిరగడం నేర్చుకున్నాడు.

జీవానందం గారికి మాత్రం ఇదేమీ అర్థం కాలేదు. "మన పల్లెల్లో జనానికి ఈ మధ్య సిగ్గు ఎక్కువైంది మాస్టారూ" అని బాధపడేవారు.

వీపు తిప్పని మనిషి దారి మొత్తానికీ ఒక్కతే ఉండేది. మైపాడు ఇంకో మూడు ఫర్లాంగులు ఉందనగా, సరుగుడు తోపుల మలుపులో గుడిసె పోలేరమ్మది. మొగుడు వేటకు పోయి సముద్రంలోనే ఉండిపోయాడు. పడవలెక్కే మగవాళ్ళకు తాను ఎదురుపడకూడదని, పొద్దునపూట మనిషి అలికిడి వింటే చాలు, ఆమె తడిక వెనక్కి తప్పుకునేది. అలాంటిది, బుధవారం మోటారు సైకిలు చప్పుడు వినబడితే మాత్రం బయటికొచ్చి మలుపులో నిలబడేది. ఆయన దణ్ణం పెట్టేవారు, పడేవారు, ఇద్దరూ కలిసి బండి లేపేవాళ్ళు. చూశారా, పోలేరమ్మ ఎదురైతే పడక చస్తాడా అని ఊళ్ళో అనేవాళ్ళు. ఆయన దిష్టిబొమ్మ ముందు కూడా పడ్డారన్న సంగతి అప్పుడు ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

ఆ మలుపులో ఎడమపక్కన ఎప్పుడూ ఎండు సరుగుడాకు కుప్ప ఒకటి ఉండేది. నడుమెత్తు కుప్ప. పొయ్యిలోకి ఏరుకున్నది ఇంటి దగ్గర వేసుకోకుండా దారికి అడ్డంగా పోస్తుందేమిటని నేను సైకిలు మీద పోయేటప్పుడల్లా విసుక్కునేవాణ్ణి.

అరవై ఒకటిలో, ఎండలు ఇంకా ముదరక ముందు, ఒక సోమవారం పొద్దున మా పాప కరుణాకుమారికి ఊపిరి ఆడలేదు. దానికి నాలుగేళ్ళు. ఎస్తేరమ్మ గారు నోరు తెరిపించి చూశారు. గొంతులో తెల్లటి పొర కమ్ముతోందని, ఎంత త్వరగా సీరం సూది పడితే అంత మంచిదని, సాయంత్రం దాకా ఆగితే తాను చెప్పలేనని అన్నారు. పాపను ఎద్దుబండిలో కుదిపితే ఆ ఉన్న ఊపిరి కూడా ఆగుతుందేమోనని ఆవిడ భయం. పొద్దుటి బస్సు వెళ్ళిపోయింది. నా భార్య జయశీల పాపను ఒళ్ళో నిలువుగా కూర్చోబెట్టుకుని, నావైపు చూసింది. నేను నెల్లూరు నుంచి మందు తేవడానికి సైకిలు తీశాను.

మలుపులోకి వచ్చేసరికి తోపులోంచి పుల్లల మోపుతో పోలేరమ్మ ఎదురైంది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పడానికి సిగ్గేస్తుంది, అయినా చెబుతాను. శకునాలు లేవు, దేవుడొక్కడే ఉన్నాడని ప్రతి ఆదివారం పిల్లలకు పాఠం చెప్పే నేను సైకిలు దిగాను. చెట్టు కింద కాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి, కొత్తగా బయలుదేరినట్టు మళ్ళీ ఎక్కాను. ఏమైంది అయివోరూ అని అడగడానికి ఆమె నోరు తెరిచింది, నేను కూర్చోవడం చూసి మూసేసింది. మోపుతో సహా తడిక వెనక్కి పోయింది.

ఆ తర్వాత దారిలో అడిగిన ప్రతివాడికీ పాప సంగతి చెప్పాను. కల్లంలో చెప్పాను, కాలవ దగ్గర చెప్పాను. మాలకొండయ్య మంచినీళ్ళిస్తే తాగుతూ చెప్పాను. చెప్పనిది ఒక్క పోలేరమ్మకే.

నెల్లూరు ఆసుపత్రిలో సీరం ఒక్క సీసా ఉంది. డాక్టరు గారు దాన్ని ఐసు ముక్కలతో ఫ్లాస్కులో పెట్టి నా చేతికిచ్చారు. నాకు సైకిలు తొక్కే ఓపిక లేదు, బస్సు మళ్ళీ నాలుగింటికి. జీవానందం గారు అప్పటికే బండి బయటికి తీసి, ఎక్కండి మాస్టారూ అంటున్నారు. గాజు సీసా, ఫ్లాస్కులో గాజు, పైన ఈయన.

"దారిలో ఎవరికీ వందనం చెయ్యనని ఒట్టెయ్యండి," అన్నాను.

"మనం ఒట్లు పెట్టుకోకూడదు కదండీ."

"అయితే మాటివ్వండి."

"ప్రయత్నం చేస్తాను," అన్నారు చివరికి. ఆయన మొహం చూస్తే, ప్రాణం అడిగినా అంత కష్టపడి ఉండరనిపించింది.

ఫ్లాస్కు రొమ్ముకు అదుముకుని వెనక కూర్చున్నాను. ఊరు దాటేంతవరకు కళ్ళు మూసుకునే ఉన్నాను. తెరిచేసరికి కాలవ గట్టు మీద బట్టలుతికేవాళ్ళు వీపులు తిప్పి నిలబడ్డారు. కల్లంలో ధాన్యం తూర్పారబట్టేవాళ్ళు చేటలు దించి అటు తిరిగారు. పక్షవాతం వచ్చి మంచంలో ఉన్న ముసలాయన్ని ఇద్దరు మనుషులు మంచంతో సహా తిప్పుతున్నారు. ఇందుకూరుపేటలో టీ కొట్టు ముందు ముప్ఫైమంది గోడకు మొహాలు పెట్టి నిలబడ్డారు. మాలకొండయ్య తిరగడమే కాక, కళ్ళు కూడా రెండు చేతులతో మూసుకున్నాడు. జీవానందం గారికి చదువు చెప్పిన పెద్ద పాస్టరు కృపాదానం గారు ఊరి చివర నడిచిపోతున్నారు. ఆయన తిరగలేని వయసు, అందుకని గొడుగు దించి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ఏ ఊళ్ళోనూ నాకింతమంది వీపులు చూపించలేదు, ఇంత గౌరవమూ జరగలేదు. నాకు కళ్ళు నీళ్ళతో మసకబారాయి. ముందునుంచి జీవానందం గారు, "ఈవేళ జనం మరీ సిగ్గుపడుతున్నారు మాస్టారూ," అన్నారు.

ఇసుక దారి మొదలైంది. సరుగుడు తోపులు వచ్చాయి. అప్పుడు గుర్తొచ్చింది నాకు. బుధవారం కాకపోయినా చప్పుడు ఆ బండిదే కదా. మలుపు తిరిగేసరికి పోలేరమ్మ తడిక తోసుకుని బయటికొచ్చి, రోడ్డు పక్కన చేతులు జోడించి నిలబడి ఉంది. దారి పొడుగునా ఒక్క మొహం, ఆ మొహమే.

బండి వేగం తగ్గింది.

"వద్దండీ," అన్నాను. "ఈ ఒక్కసారికి వద్దు. నా బిడ్డండీ."

"గట్టిగా పట్టుకోండి మాస్టారూ. ఈమెకు మాత్రం తప్పదు," అన్నారు ఆయన, హ్యాండిలు వదిలేశారు.

"వందనాలమ్మా" అన్న మాట పూర్తిగా వినబడింది. ఆకాశం కుడివైపుకు పోయింది. నేను పాప పేరు పెట్టి అరిచాను. తర్వాత మెత్తగా, పరుపు మీద పడ్డట్టు, సరుగుడాకు కుప్పలో వెల్లకిలా పడ్డాను. నోట్లో ఆకు, చెవుల్లో ఆకు. ఫ్లాస్కు మాత్రం రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను. చూసేవాళ్ళకు నేనే ఆమెకు వందనం చేస్తున్నట్టుండి ఉంటుంది.

ఆమె ఫ్లాస్కును చూసింది, నన్ను చూసింది.

"పాపకమ్మా," అన్నాను. "మందు. ఎస్తేరమ్మ గారికి."

ఫ్లాస్కు అందుకుని, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, ఇసుకలో పరుగెత్తింది. అలవాటు లేని కాళ్ళతో నేను వెనకబడిపోయాను. పదేళ్ళుగా మగవాళ్ళకు ఎదురుపడకుండా తప్పుకునే మనిషి, పడవలకు తారు పూసే మగవాళ్ళ మధ్యనుంచి పరుగెత్తి, మా గడప దాటి లోపలికి పోయింది. నేను చేరేసరికి ఎస్తేరమ్మ గారు సూది వేస్తున్నారు. పోలేరమ్మ పాప కాళ్ళు కదలకుండా పట్టుకుని ఉంది.

తెల్లారేసరికి పాప ఊపిరి తేలికైంది. మజ్జిగ అడిగింది. జయశీల వంటింట్లోకి పోయి ఏడ్చి వచ్చింది.

జీవానందం గారు రాత్రంతా మా అరుగు మీదే ఉన్నారు. నా కోపం అప్పటికి తీరికగా బయటికొచ్చింది. ఆ కుప్ప లేకపోతే నా బిడ్డ గతేమిటని అడిగాను.

"కుప్ప ఉంటుందండీ. మొదటిసారి నేనక్కడ పడ్డప్పుడు గట్టి నేల. ఆ మర్నాటినుంచి ఉంది," అన్నారు ఆయన.

"అంత తెలిసీ ఎందుకు పడతారు?"

ఆయన గడ్డం గోక్కున్నారు. "అనుకోకుండానే పడతానండీ, అబద్ధం చెప్పను. కానీ ఆ మొదటిసారి బండి లేపాక ఆమె ఏమందంటే, మొగుడు పోయినాక నన్ను చూసి నిలబడినోళ్ళు మీరే సామీ అంది. నిలబడలేదమ్మా, పడ్డాను అన్నాను. నవ్వింది. ఆ బండి ఒక్కడివల్ల లేవదు కదా మాస్టారూ. వారానికొకసారైనా ఆమెతో అవసరం ఉన్నవాడు ఒకడుండాలి."

దారి మొత్తం మీద పడకుండా ఉండాల్సిన చోటల్లా పడి, పడాల్సిన చోట కూడా పడిన మనిషిని ఏమనాలో ఇప్పటికీ తెలియదు.

ఆ గురువారం పొద్దున నేను సైకిలు మీద ఇందుకూరుపేట నుంచి తిరిగొస్తున్నాను. మలుపు దగ్గర అలికిడికి ఆమె తడిక వెనక్కి పోబోయింది. పోలేరమ్మా, ఆగు అన్నాను. వేగం తగ్గించాను. హ్యాండిలు వదిలి రెండు చేతులూ జోడించాను.

సైకిలు కుడిపక్కకు పడింది. అటువైపు గట్టి నేల, రెండు గులకరాళ్ళు.

ఆమె పరుగెత్తుకొచ్చి లేపింది. నా మోచెయ్యి చూసి నొచ్చుకుంది. "మీరు కుడిపక్కకు పడతారని నాకు తెలవలా అయివోరూ," అంది.

మర్నాడు కుడిపక్కన కూడా ఒక కుప్ప ఉంది. కొంచెం చిన్నది, సైకిలుకు సరిపోయేంత.