వర్ధనమ్మ టీచర్ దిద్దుకున్న పాఠం

వర్ధనమ్మగారు నర్సీపట్నంలో మాకు సోషల్ చెప్పేవారు. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే, ట్రైనింగు చేసి ఉద్యోగంలో చేరారని మా అమ్మ చెప్పేది. ఆవిడ పుస్తకం తెరవకుండానే పాఠం చెప్పేవారు. నైలు వరద తీశాక మిగిలే నల్లమట్టి గురించి వింటుంటే, నాతవరం వైపు మడుల్లో కాలు పెట్టినట్టే ఉండేది.

1978 జూలైలో, మేం తొమ్మిదో తరగతిలో ఉండగా, ప్రాచీన నాగరికతల పాఠం వచ్చింది. ఆవిడ బోర్డు మీద నాలుగు నదుల పేర్లు రాశారు. ఎక్కడెక్కడో ఉన్న ఆ ఒడ్డుల మీద మనుషులు ఇంచుమించు ఒకే దారిన నడిచారన్నారు. నేల దున్నారు, తిన్నాక మిగిలేంత పండింది. మిగిలింది దాచడానికి గాదెలు కట్టారు. అందరూ దున్నక్కర్లేదు గనుక కుమ్మరులు, కంచరులు, పూజారులు, సిపాయిలు వచ్చారు. ఊళ్లు పట్నాలయ్యాయి. పట్నానికి రాజు, రాజుకి పన్ను, ఆ పన్ను మరిచిపోకుండా రాత.

"ఇవన్నీ ఉంటేనే నాగరికత," అని ముగించారు.

వెనక బెంచీలోంచి సోమలమ్మ లేచింది. కొయ్యూరు అవతల కొండ ఊరి పిల్ల, హాస్టల్లో ఉండేది. క్లాసులో అది నోరు విప్పడం అదే మొదటిసారి.

"టీచర్, మా ఊళ్లో రాజు లేడు, రాత లేదు. మరి మేం ఏటండి?"

బెల్లు కొట్టే వేళైంది. ఆవిడ చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ, "మీరింకా ఆ మెట్టు ఎక్కలేదమ్మా. దాన్ని ఆదిమ దశ అంటారు," అన్నారు.

మొదట నవ్వింది నేను. తర్వాత క్లాసంతా నవ్వింది. ఆవిడ వారించలేదు.

ఆ రోజు నుంచి సోమలమ్మని అందరం 'ఆదిమం' అని పిలిచాం. సోమవారానికి దాని చోటు ఖాళీ. రేకు పెట్టె పట్టుకుని ఇంటికి వెళ్లిపోయిందని హాస్టల్ పిల్లలు చెప్పారు. ఎందుకో కూడా చెప్పారు.

"ఎవరు పెట్టారు ఆ పేరు?" అని అడిగారు టీచర్. నేను లేచి నిలబడ్డాను.

"నువ్వు కాదు, నేనే పెట్టాను. శనివారం నాతో రా."

మా అమ్మని అడిగి నన్ను తీసుకెళ్లారు. కృష్ణదేవిపేట మీదుగా కొయ్యూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి తుంపర్లో రెండు గంటల నడక. ఊళ్లో ఇరవై ఇళ్లుంటాయేమో. సోమలమ్మ తండ్రి భీమన్న మాకు చాప వేశాడు. సోమలమ్మ మాత్రం లోపలే ఉండిపోయింది.

ఇంటి వెనక కొండవాలంతా మెట్లు మెట్లుగా మడులు. పైన పారే గెడ్డ నుంచి సన్నటి కాలవ ఒక్కో మడిలోకి దిగుతోంది.

"ఇది ఎవరు కట్టించారు?" అని అడిగారు టీచర్.

"ఎవులు కట్టిత్తారమ్మా? మా తాతలే రాళ్లు పేర్సుకున్నారు."

"నీళ్ల దగ్గర తగువులు రావా?"

"ఎందుకు రావు? వత్తాయి. అందరం ఒకసోట కూసుంటాం. తేలినాకే లేత్తాం."

ఆవిడ "పిల్లని అంత దూరం చదువుకి ఎందుకు పంపావు భీమన్నా?" అన్నారు.

"మా ఊరికొచ్చిన రాతలన్నీ మా కాడ ఏదో ఒకటి పట్టుకుపోడానికే వచ్చేయమ్మా. ఏలిముద్ర ఎయ్యమంటే ఏసేం. అందులో ఏటుందో సదివే మనిసి ఒకర్తయినా ఉండాలని పంపేను."

టీచర్ గట్టు మీద కూలబడ్డారు. తడి చీర ఒంటికి అంటుకుపోయినా లేవలేదు. తర్వాత తలుపు దగ్గరికి వెళ్లి, "సోమలమ్మా, నేను తప్పు చెప్పాను," అన్నారు.

లోపల్నుంచి మాట వచ్చింది. "మీరు సెప్పింది తప్పో ఒప్పో నాకు తెలీదు టీచర్. మీరు నవ్వు ఆపలేదు."

నేను ఏడ్చాను. సోమలమ్మ బయటికి రాలేదు. బడికీ రాలేదు.

సోమవారం టీచర్ ఆ పాఠం మళ్లీ చెప్పారు. "ఇవి పట్నాలు కట్టినవాళ్ల గుర్తులు. మనిషిని కొలిచే కొలబద్దలు కావు. గాదె వచ్చాక గాదె తాళం ఒకరి చేతికి పోయింది. గోడ వచ్చాక లోపలివాళ్లు, బయటివాళ్లు అయ్యారు. ఇదీ రాసుకోండి," అన్నారు.

ప్రతి వేసవిలోనూ ఆవిడ ఆ కొండ ఎక్కారు. ఏదో ఒకటి మాట్లాడి, ఇంత అంబలి తాగి వచ్చేసేవారు. బడి మాట ఎత్తేవారు కాదు. 1981లో, అప్పటికి పెళ్లయిన సోమలమ్మ, తన చెల్లెలు కొండమ్మ చెయ్యి పట్టుకుని బస్సు దాకా వచ్చింది.

"దీన్ని తీసుకెళ్లండి టీచర్. హాస్టల్లో వొద్దు, మీ ఇంట్లోనే ఉంచుకోండి."

ఉంచుకున్నారు. చుట్టాలు కొందరు రాకపోకలు మానేశారు. ఆవిడ పట్టించుకోలేదు.

మరో మూడేళ్లకి సోమలమ్మ పురిటికి నర్సీపట్నం ఆసుపత్రికి వచ్చి, ఆ తర్వాత ఇరవై రోజులు టీచర్ ఇంట్లోనే ఉంది. వేణ్ణీళ్లు పెట్టడం, పథ్యం వండటం అన్నీ టీచరే. చూడ్డానికి వెళ్లి, నేను గడప దగ్గరే నిలబడిపోయాను. సోమలమ్మ నన్ను గుర్తుపట్టింది.

"అక్కడే నిలబడ్డావేటి? బేగి రా. పిల్లని ఎత్తుకో," అంది.