దొర కారు మీది దుమ్ము

ఎల్లారెడ్డి ఊరి దగ్గరి ఒక దొరకు నిజాం కాలపు విలాయతి కారు ఉండేది. రామస్వామి దాన్ని నడిపినన్నాళ్లూ దుమ్ముకు భయపడుతూ బతికాడు. దొర వేలితో బానెట్ రుద్ది చూసేవాడు. వేలికి మట్టి అంటితే ఆ చెయ్యి రామస్వామి చెంప మీద పడేది. దొర పోయాక కారు కొట్టంలో మూలపడింది. రామస్వామి కామారెడ్డిలో ఆటో తోలి ముసలివాడయ్యాడు.

మొన్న దొర మనుమడు చక్రధర్ పిలిపించాడు. కారును హైదరాబాదులో పాత కార్ల వేలానికి పంపుతున్నాడట, లారీ ఎక్కించాలట. బండి బయలుదేరుతోందంటే రామస్వామి ఊరుకుంటాడా? పొద్దున్నే కారును కడిగి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టాడు.

చక్రధర్ మండిపడ్డాడు. "ఎవలు కడగమన్నరు నిన్ను? ఏండ్ల సంది ఎవలూ ముట్టని కారంటేనే కొనేటోళ్లు ఎగబడతరు. దుమ్ముకే ధర!"

"మీ తాత దుమ్ముందని కొట్టిండు. మీరు దుమ్ము లేదని తిడుతున్నరు. నేనేం చెయ్యాలె దొరా?"

"కొట్టంల మన్ను తెచ్చి చల్లు."

చల్లాడు. దుమ్ముకు కూడా రోజులొచ్చాయి.

వేలం వాళ్లకు పంపడానికి చక్రధర్ ఫోన్ తీశాడు. "జెర పక్కకు జరుగు, ఫోటోల నువ్వు పడుతున్నవ్."

రామస్వామి జరిగి, తెలియకుండానే చెంప తడుముకున్నాడు. చేతి మన్ను చెంపకు అంటింది.