మగ్గం దిగిన పంచె

తిరుత్తణికి నడిచి వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ నన్ను సలహా అడుగుతారు. నేను మొదట చెప్పేది ఒకటే, కొత్త పంచె కట్టకండి అని. ఎందుకని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే మా బావ సంగతి చెప్పాల్సి వస్తుంది.

మాది తిరువళ్ళూరు పక్కన నేతవాళ్ళ వీధి. ఏటా ఆడికృత్తిక పండక్కి, స్వామి మొక్కుగా మా ఇంటి కావడి నాన్న భుజం మీద తిరుత్తణి కొండెక్కేది. డెబ్బైల చివర్లో ఒక ఏడాది నాన్న మోకాలు మొరాయించింది. కావడి పట్టుకుని తాను బస్సులో వస్తానన్నాడు.

"మీరు నడిచి రాండి. మెట్ల మింద ఎవురు మోసేదీ కొండ కింద చెప్తా," అన్నాడు, నన్నూ బావనూ చూసి.

బావ అంటే మా అక్క భర్త, నాన్నకు సొంత మేనల్లుడు. ఒక్కగానొక్క కొడుకును నేను ఎదురుగా నిలబడి ఉంటే "ఎవురు" అనే మాట ఎందుకు వచ్చినట్టు? బావ నేసిన గుడ్డను నాన్న వేలితో ఒకసారి తడిమి పక్కన పెట్టేవాడు. నాది మాత్రం తప్పులు వెతుకుతూ వెలుతురుకు ఎత్తిపట్టి చూసేవాడు. నాకు అక్కడే మండేది.

అందుకే ఆ ఏడాది నెలరోజుల ముందునుంచే ఒక పంచె నేశాను. పసుపు రంగు, ఎర్రటి సన్న అంచు. గంజి బిగువు చెడకూడదని తడపకుండా, మగ్గం దిగింది దిగినట్టే కట్టుకుని బయలుదేరాను. నడిస్తే ఫెళఫెళలాడింది. బావ కట్టుకున్నది ఉతికి ఉతికి వెలిసిపోయిన పాతది, మోకాలి దగ్గర అతుకు కూడా ఉంది. పెళ్ళికి పోతూ ఒంటెద్దు బండి ఎక్కినవాణ్ణి చూసినట్టు జాలిగా చూశాను.

కోడికూతకు బయలుదేరాం, మా వీధివాళ్ళు ఐదారుగురితో కలిసి. మొక్కు కాబట్టి చెప్పుల్లేవు. బావ అందరి అరికాళ్ళకూ ఆముదం రాయించాడు. మొలతాడుకు పిన్నీసు తగిలించుకోమన్నాడు, ముల్లు దిగితే తీసుకోవడానికి. పొద్దెక్కాక తారు కాలుతుంది, పక్కన మట్టిలో నడవమన్నాడు. దాహమైతే రెండు గుక్కలు తాగాలి గానీ కడుపు నింపుకోకూడదట. పులిహోర పొద్దున, ఉప్పు వేసిన మజ్జిగ మధ్యాహ్నం. ఇవన్నీ ఎవరికైనా తెలిసినవేగా అనిపించింది నాకు, ఆయన చెప్పేదాకా నాకు తెలియకపోయినా. వీధివాళ్ళు మాత్రం "అన్నా, ఇప్పుడు కూచోవచ్చునా" అని ప్రతిదానికీ ఆయన్నే అడిగేవాళ్ళు. నన్ను ఒక్కడూ ఏమీ అడగలేదు.

రాత్రి మజిలీకి కనకమ్మసత్రం ఊరు చేరేసరికి నా తొడలు రెండూ ఒరుసుకుని పచ్చిపుండయ్యాయి. ఆ గంజి బిగువంతా నా చర్మం మీద పని చేసింది. పడుగు నూలుకు చేత్తో గంజి పెట్టేవాడికి, అది చెమటకు తడిసి ఆరితే గీరుకుంటుందని తెలియదా అంటే, తెలుసు. కానీ మగ్గం గుంటలో కూర్చునేవాడికి నడకలో పంచె ఏం చేస్తుందో తట్టలేదు. ఎవరికీ చెప్పకుండా పడుకున్నాను.

మర్నాడు పొద్దున కాళ్ళు ఎడంగా వేసి నడుస్తుంటే బావ వెనకనుంచి చూశాడు. మిగతావాళ్ళను ముందు పొమ్మని, నన్ను ఒక పంపుసెట్టు దగ్గర ఆపాడు.

"ఒరుసుకునిందా?"

"లేదు."

"నాకాడ యాడ దాస్తావు రా. పుండు మింద తడిగుడ్డ పనికిరాదు. నా పంచె కట్టుకో. నీది నేను ఉతుక్కోని కట్టుకుంటా."

వద్దనడానికి నోరు తెరిచాను, నొప్పి ఒప్పుకోలేదు. తువ్వాలు చుట్టుకుని ఆయన నా పంచెను బండ మీద నాలుగు బాదులు బాది, గంజంతా పోగొట్టి, తడిదే కట్టుకున్నాడు. అరగంటలో ఒంటిమీదే ఆరింది. ఇంత సులువైన పని నాకు ముందురోజే తోచలేదే అని ఏడుపొచ్చింది. పైగా నా పంచె నా మీద కన్నా ఆయన మీద బాగుంది. దానికి ఇంకా ఏడుపొచ్చింది.

కొండ కింద నాన్న కావడి పక్కన కూర్చుని ఉన్నాడు. దూరం నుంచే ఎర్ర అంచు గుర్తుపట్టాడు. బావను చూశాడు, నా మీద ఉన్న అతుకుల పంచెను చూశాడు. మోకాలు పట్టుకుని లేచాడు.

"నెలంతా కూచోని నేసింది బావకు ఇచ్చి, నువ్వు పాతది కట్టుకోని వస్తివా," అన్నాడు. "ఇన్నాళ్ళూ నీది ఇరుకు మనసు అనుకుంటి రా అబ్బయా. తప్పు నాదే."

కావడి ఎత్తి నా భుజం మీద పెట్టాడు.

అంత మాట కోసం ఎన్నేళ్ళు చూశానో నాకు తెలుసు. అది నాకు రావలసింది కాదని కూడా తెలుసు. బావ వైపు చూశాను. చెబుతాడనుకున్నాను, చెబితే బాగుండునని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఆయన వంగి కావడి గంట ముడి సరిచేశాడు.

"చిన్న చిన్న అడుగులు వెయ్యి, మెట్టు మింద ఆగొద్దు," అన్నాడు అంతే.

మూడువందల అరవై ఐదు మెట్లూ ఎక్కాను. ఆ పాత పంచె మెత్తగా ఉంది, ఒక్కచోట కూడా ఒరుసుకోలేదు.

ఆ తర్వాత ఏటా కావడి నాదే. బావ నా వెనక నడిచేవాడు. నాన్న పోయేదాకా, వచ్చినవాళ్ళకల్లా ఆ పంచె సంగతి చెప్పి మురిసిపోయేవాడు. పక్కనే బావ ఉండేవాడు, నేనూ ఉండేవాణ్ణి. నేను నోరు విప్పలేదు, భయంతో. ఆయనా విప్పలేదు, ఎందుకో ఆయనకే తెలుసు. ఆయన నేతా నడకా చూసి కుళ్ళుకోవడం ఎప్పుడో మానేశాను. ఆ మౌనం చూసి మాత్రం ఇప్పటికీ కుళ్ళుకుంటాను.